మింగొద్దు మాస్టారూ

“చెవి దిబ్బడేసిందమ్మా, అంతే” అంటూ వచ్చారు ఒక రిటైర్డు మాస్టారు. పొద్దున లేచేసరికి కుడిచెవి వినపడలేదట. అది జరిగి తొమ్మిది రోజులు. ఈలోగా ఇంట్లో వెల్లుల్లి కాచిన నూనె పోశారు, మందుల షాపువాళ్లిచ్చిన చుక్కలు వేశారు. ఆ రోజుల లెక్క వినగానే నా గుండె జారింది. నూనె అయినా, చుక్కలైనా కర్ణభేరి దగ్గరే ఆగిపోతాయి. ఆయనకు దెబ్బతిన్నది దాని వెనకెక్కడో, ఒంట్లోకెల్లా గట్టి ఎముకలో నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న లోచెవి.

మాత్ర మింగితే రక్తంలో కలుస్తుంది. కానీ మెదడుకున్నట్టే లోచెవికీ రక్తం దగ్గర గట్టి కాపలా ఉంది, మందును కొద్దిగానే రానిస్తుంది. అందుకే ఇంకో దారి. మధ్యచెవికీ లోచెవికీ నడుమ గుండ్రటి కిటికీ ఉంటుంది. దాని పొర మందం సుమారు 70 మైక్రాన్లు, దాదాపు ఒక తలవెంట్రుకంత. కర్ణభేరిని మొద్దుబార్చి, సన్నటి సూదితో అర మిల్లీలీటరు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందును మధ్యచెవిలో నింపితే ఆ పొరలోంచి మెల్లగా ఇంకుతుంది. మందు చల్లగా ఉంటే కళ్లు తిరుగుతాయి. అందుకని సిరంజిని ముందు కాసేపు గుప్పిట్లో పట్టుకుంటాను.

సూది పని నిమిషంలో అయిపోతుంది. కష్టమంతా ఆ తర్వాతి అరగంటలో ఉంది. చెవి పైకి ఉండేలా పక్కకు తిరిగి, కదలకుండా, మాట్లాడకుండా, ఉమ్మి కూడా మింగకుండా పడుకోవాలి. మింగితే చెవి నుంచి గొంతులోకి వెళ్లే గొట్టం తెరుచుకుని మందు జారిపోతుంది. ఈ వైద్యంలో అసలు పనితనం ఆ అరగంటను కాపాడటమేనని నా నమ్మకం. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. “మింగొద్దు మాస్టారూ” అని ఎన్నిసార్లు అన్నానో!

కర్ణభేరి దాటించి మందు పంపడం కొత్త సంగతి కాదు. 1956లోనే అమెరికాలో హెరాల్డ్ షుక్నెక్ట్ మెనియర్స్ జబ్బులో కళ్లు తిరగడం ఆపడానికి స్ట్రెప్టోమైసిన్ పంపారు. షాంఘైలో ఫుడాన్ విశ్వవిద్యాలయ వైద్యులైతే పుట్టుచెవుడున్న పిల్లలకు ఆ గుండ్రటి కిటికీలోంచి జన్యువునే పంపారు. ఆరుగురిలో ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024లో ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మాస్టారికి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చాం. కొంత వినికిడి తిరిగొచ్చింది, అంతా రాలేదు. లోచెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ మొలవవు. రెండు వారాలు దాటేకొద్దీ మందుకు పట్టు తగ్గిపోతుంది. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే దయచేసి నూనె పోయకండి, దిబ్బడేనని సరిపెట్టుకోకండి. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.