ప్రకృతి నియమాల స్థిరత్వము, భూమి వయస్సు: రేట్ నివేదికపై ఒక పరిశీలన

భూమి వయస్సు దాదాపు ఆరువేల సంవత్సరాలే అని బోధించేవారు తరచుగా ఆధారము చూపే గ్రంథాలలో రేట్ నివేదిక ఒకటి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేషన్ రీసెర్చ్ 1997లో ఈ పరిశోధనను ఆరంభించింది. లారీ వార్డిమన్, ఆండ్రూ స్నెల్లింగ్, యూజీన్ చాఫిన్ సంపాదకులుగా 2000, 2005 సంవత్సరాలలో రెండు సంపుటాలు వెలువడ్డాయి. మా సంఘములో భూగర్భశాస్త్రము చదువుతున్న ఒక యౌవనస్థుడు, "అయ్యగారూ, ఈ నివేదిక తప్పయితే బైబిలు కూడా తప్పవుతుందా?" అని అడిగాడు. ఈ పరిశీలనకు ఆ ప్రశ్నే కారణము.

ముందుగా ఈ రచయితల నిజాయితీని మెచ్చుకోవాలి. రాళ్లలోని రేడియోధార్మిక క్షయాన్ని నేటి వేగముతో లెక్కిస్తే 50 కోట్ల సంవత్సరాలకు మించినంత జరిగిందని వారే ఒప్పుకున్నారు. అయితే అది సృష్టి వారములోను, జలప్రళయ కాలములోను కోట్ల రెట్లు వేగముగా జరిగిందని ప్రతిపాదించారు. అలా జరిగితే పుట్టే వేడికి రాళ్లే కరగాలి. ఓడలో ఉన్నవారి దేహాలలోని పొటాషియము నుండి సైతము ప్రాణాంతక వికిరణము వెలువడాలి. ఈ రెండూ పరిష్కరించవలసిన సమస్యలేనని కూడా వారే వ్రాశారు.

న్యూమెక్సికో రాళ్లలోని జిర్కాను స్ఫటికాలలో హీలియము ఇంకా మిగిలి ఉండడము వారి ప్రధాన సాక్ష్యము. హీలియము బయటికి పోయే వేగాన్ని బట్టి వారు ఆరువేల సంవత్సరాలని లెక్క కట్టారు. ఆ లెక్క నిలవాలంటే హీలియము వ్యాపించే నియమము ఎన్నడూ మారి ఉండకూడదు. అనగా, ఒక నియమము మారిందని నిరూపించడానికి మరొక నియమము మారలేదని నమ్మవలసి వచ్చింది. ఏది మారింది, ఏది మారలేదు అని నిర్ణయించినది రాయి కాదు, ముందే అనుకున్న వయస్సే.

1987లో కనబడిన నక్షత్ర విస్ఫోటనము మనకు సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరములో ఉంది. దాని వెలుగు తగ్గిన తీరును కొలిస్తే, అక్కడి కోబాల్టు-56 అర్ధాయువు ఇక్కడివలెనే సుమారు 77 దినాలని తేలింది.

నియమాలను మార్చే అధికారము దేవునికి లేదా? నిశ్చయముగా ఉంది. కానాలో నీళ్లు ద్రాక్షారసమయ్యాయి. అయితే అది ఎక్కడనుండి వచ్చెనో ఆ నీళ్లు ముంచిన పరిచారకులకు తెలుసు (యోహాను 2:9). అది ప్రభువు మహిమను బయలుపరచిన సూచకక్రియ. ఈ వేగవంతమైన క్షయానికి లేఖనములో ఒక్క మాటయినా లేదు, అది ఎవరికీ సూచన కాలేదు. పైగా రాళ్లను చదివేవారిని తప్పుత్రోవ పట్టిస్తుంది.

ఋతువులను గూర్చిన వాగ్దానము జలప్రళయము తరువాతనే ఇయ్యబడిందని (ఆదికాండము 8:22) కొందరు అంటారు. అది నిజమే. కాని కీర్తన 148:5-6 ఆకాశ జ్యోతులకు స్థిరమైన కట్టడను వాటి సృష్టితోనే ముడిపెడుతుంది. యిర్మీయా 33:25-26లో యెహోవా భూమ్యాకాశముల విధులను చూపి దావీదు సంతానమును విడువనని హామీ ఇస్తాడు. ఆ విధులు చెప్పకుండా మారేవయితే ఆ హామీకి బలమేమిటి? ఈ వచనాలు భూమి వయస్సును చెప్పవు. నియమాలను నిలిపినవాని నమ్మకత్వాన్ని చెబుతాయి.

కాబట్టి ఆ యౌవనస్థునికి "కాదు" అని జవాబిచ్చాను. ఒక నివేదిక పడిపోతే ఒక వ్యాఖ్యానము పడిపోతుంది, వాక్యము కాదు. కాపరులమైన మనము మన వ్యాఖ్యానాన్ని విశ్వాస ప్రమాణముగా చేసి, కళాశాలకు వెళ్లే బిడ్డల మెడపై మోయలేని కాడి పెట్టకూడదు.