తప్పు లెన్స్‌దా, బాడీదా?

సికింద్రాబాద్‌లో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు చాలామంది మిర్రర్‌లెస్‌కు మారిపోయారు. 2018లో నికాన్, కేనన్ రెండూ కొద్దిరోజుల తేడాతో వాటికోసం కొత్త మౌంట్లు, అంటే బాడీకి లెన్స్ బిగించే కట్లు, తెచ్చాయి. అప్పటి నుంచి పాత ఎస్ఎల్ఆర్ లెన్సులు ఒక్కొక్కటిగా అమ్మకానికి వస్తున్నాయి. ఫొటోగ్రఫీ నేర్చుకుందామనుకునే కుర్రాడికి ఇది పండగే. బేరమాడి ఒకటి కొంటాడు, ఇంటికి తెచ్చి బిగిస్తాడు, ఫోకస్ చక్కగా పడుతుంది. బటన్ నొక్కగానే కేనన్ తెర మీద ‘ఎర్ 01’ అని వస్తుంది. బాడీకీ లెన్స్‌కీ మధ్య సంకేతాలు సరిగ్గా అందడం లేదు, లెన్స్ కాంటాక్టులు తుడవమని కింద ఒక సలహా కూడా ఉంటుంది. తుడుస్తాడు. మళ్లీ అదే ఎర్రర్.

చేతిపనిగా కెమెరాలు బాగుచేసేవాళ్ల విద్య ఆ సలహాను అనుమానించడంతోనే మొదలవుతుంది. ఎర్రర్ నంబరు కెమెరా వేసే అంచనా మాత్రమే. తాను అడిగినదానికి జవాబు రాలేదని దానికి తెలుసు. ఎందుకు రాలేదో తెలియదు.

ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన నాటికి ఈ తంటా లేదు. ఆ కాలపు లెన్స్ అంటే ఇత్తడి గొట్టంలో బిగించిన గాజు. వెలుతురు తగ్గించాలంటే నడుమ రంధ్రమున్న రేకును గొట్టం మీది చీలికలోకి జారవిడిచేవారు. మూత తీయడం, మనసులో లెక్కపెట్టి మళ్లీ మూయడం, అంతే. లెన్స్‌కూ కెమెరాకూ మాటల్లేవు కనుక మాట తేడా వచ్చే ప్రశ్నే లేదు. కేనన్ 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చి, బాడీ నుంచి లెన్స్‌కు వెళ్లే మీటలన్నీ తీసేసింది. ఫోకస్‌నూ, అపర్చర్‌నూ (వెలుతురు వచ్చే రంధ్రం) లెన్స్‌లోని మోటార్లకు అప్పగించి, ఆదేశాలు బంగారు పూత పిన్నుల మీదుగా పంపింది. నికాన్ మాత్రం 1959 నాటి ఎఫ్ మౌంట్‌నూ, అపర్చర్‌ను కదిపే మీటనూ దశాబ్దాలపాటు వదల్లేదు. అందుకే ఈ రెండు కంపెనీల జబ్బులు వేరు, పరీక్షలూ వేరు.

“అన్నా, లెన్స్ ఖరాబైంది” అని వచ్చినవాడికి రిపేరు షాపులో ఎదురయ్యే మొదటి ప్రశ్న, “లెన్సే అని నీకెవరు చెప్పిన్రు? బాడీ తెచ్చినవా?” అని. అనుమానం మూడింటి మీద ఉండొచ్చు: బాడీ, లెన్స్, ఆ రెండూ కలిసే చోటు. ఆ లెన్స్‌ను వేరే బాడీకి పెడతారు, ఆ బాడీకి వేరే లెన్స్ పెడతారు. ఎర్రర్ ఎవరి వెంట నడిస్తే దోషం వాళ్లదే. స్క్రూడ్రైవర్ బయటికి తీయకుండానే సగం కేసు తేలిపోతుంది. అందుకే ఈ పని చేసేవాళ్ల దగ్గర పాత బాడీలు రెండు మూడు ఎప్పుడూ పడి ఉంటాయి.

రెండు జతల్లో ఏది పెట్టినా ఎర్రర్ ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే చూపు మౌంట్ మీద పడుతుంది. పెళ్లిళ్లు తిరిగి వచ్చిన లెన్స్ అయితే పసుపు, కుంకుమ, హోమం పొగ, చేతి చెమట అన్నీ దాని వెనక అంటుకునే ఉంటాయి. పొడి మెత్తటి గుడ్డ చాలు. మొండి మరక ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క గుడ్డకు అద్ది తుడవాలి, పిన్నుల మీద నేరుగా పోయకూడదు. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. నాకది నచ్చదు. పల్చటి పూత అరుగుతుంది, రబ్బరు పొట్టు బాడీలోకి రాలుతుంది. బాడీ వైపు పిన్నులకు వెనక స్ప్రింగు ఉంటుంది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే, లోపలికి దిగబడి పైకి రాని పిన్ను తెలిసిపోతుంది. మౌంట్ స్క్రూలు వదులైతే లెన్స్ తన బరువుకు కిందికి వంగినప్పుడే ఎర్రర్ వస్తుంది.

అసలు చూడాల్సింది అపర్చర్ పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు, కొనేటప్పుడే చేసుకోవచ్చు. కేనన్ లెన్స్‌లో అపర్చర్ రేకులు ఫొటో తీసే క్షణం దాకా పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. వ్యూఫైండర్‌లో బొమ్మ వెలుగ్గా కనబడేది అందుకే. ఎఫ్ 8 పెట్టి నొక్కితే, ‘ఇంత మూసుకో’ అన్న ఆదేశం అప్పుడే వెళుతుంది. లోపల అపర్చర్ మోటారుకు వెళ్లే ఫ్లెక్స్ కేబుల్, అంటే కాగితమంత పల్చటి పట్టీ, తెగి ఉంటే రేకులు కదలవు, కెమెరా ఆగిపోయి ఎర్రర్ చూపిస్తుంది. కాబట్టి మొదట అపర్చర్‌ను ఆ లెన్స్‌కు సాధ్యమైనంత తెరిచి ఒక ఫొటో తీయాలి. అది సాఫీగా పడి, ఎఫ్ 8 దగ్గర, ఎఫ్ 11 దగ్గర ఎర్రర్ వస్తే రోగం చాలావరకు దొరికినట్టే. ఇక పిన్నులు ఎంత తుడిచినా లాభం లేదు. జూమ్ లెన్స్ అయితే ఈ పరీక్షను వెడల్పు చివరా, పొడుగు చివరా విడివిడిగా చేయాలి. జూమ్ తిప్పినప్పుడల్లా ఆ పట్టీ మడతపడి సాగుతుంది, చిట్లినచోటు ఒక కొసన అంటుకుని మరో కొసన విడిపోవచ్చు. కేనన్ 17-85కు ఈ జబ్బు పేరుమోసింది. అమ్మేవాడు ఒకే జూమ్ దగ్గర నాలుగు ఫొటోలు తీసి చూపిస్తే సంబరపడొద్దు, రింగు మనమే తిప్పాలి.

బాడీ మీద డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ ఉంటే ఇంకా సులువు. ఎఫ్ 16 పెట్టి బటన్ నొక్కి పట్టుకుని లెన్స్ ముందునుంచి చూస్తే రేకులు చటుక్కున దగ్గరికి రావాలి. బద్ధకంగా వచ్చాయంటే వాటిమీద నూనె చేరిందని అర్థం. నికాన్‌లో దీనికి బాడీ కూడా అక్కర్లేదు, వెనకున్న మీటను వేలితో కదిపి వదిలితే రేకులు వెంటనే మూసుకోవాలి.

ఇదే లక్షణంతో ఇంకో రోగం ఉంది. ఫిల్మ్ రోజుల నాటి సిగ్మా లెన్సులు కొన్ని డిజిటల్ కేనన్ బాడీల మీద పూర్తిగా తెరిచినప్పుడే పనిచేస్తాయి, కాస్త మూస్తే ఎర్రర్. అక్కడ పట్టీ నిక్షేపంగా ఉంటుంది. కేనన్ ఆదేశాల తీరును సిగ్మా తనంతట తాను కనిపెట్టి రాసుకున్న చిప్‌కు తర్వాతి బాడీల ధోరణి అంతుబట్టదు. తేడా తేల్చాలంటే ఆ లెన్స్‌ను పాత కేనన్ ఫిల్మ్ ఈఓఎస్ బాడీకి పెట్టి చూడాలి. అక్కడ అన్ని అపర్చర్లూ పలికితే దాన్ని విప్పడం దండగ. ఎవరికీ అక్కర్లేని ఆ ఫిల్మ్ కెమెరాలు రిపేరు బల్ల మీద విలువైన పనిముట్లు అయ్యేది ఇలాంటప్పుడే.

నికాన్ కొన్నవాళ్లను భయపెట్టే ‘ఎఫ్‌ఈఈ’ ఎర్రర్ చాలాసార్లు దోషమే కాదు. అపర్చర్ రింగు ఉన్న ఆటోఫోకస్ లెన్స్‌ను అతిపెద్ద అంకెకు తిప్పి లాక్ చేస్తే పోతుంది. అలాగే డీ 3000, డీ 5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్స్ వాటిమీద తనంతట తాను ఫోకస్ కాదు, చేత్తో తిప్పుకోవాలి. ఇది తెలియక మంచి లెన్సులు తిరిగిచ్చేవాళ్లున్నారు.

ఎర్రర్ చూపించని దోషాలకు టార్చి ఒక్కటే దిక్కు. ఒకవైపు నుంచి వెలుతురు వేసి మరోవైపు నుంచి ఏటవాలుగా చూస్తే సాలెగూడులాంటి ఫంగస్ బయటపడుతుంది. వానాకాలంలో గుడ్డ సంచిలో, బీరువాలో మగ్గిన లెన్సుకు ఇది మామూలే. అలాగే మౌంట్ స్క్రూల తలలు చూడాలి. జపాన్ లెన్సుల స్క్రూలు జేఐఎస్ కొలతవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోక జారి గాట్లు పెడుతుంది. గాట్లుంటే ఆ లెన్స్‌ను ఎవరో సరైన పనిముట్టు లేకుండానే విప్పారన్నమాట.

పట్టీ తెగిందని తేలాక చేసేది బేరమే. పట్టీ చౌక, దాన్ని చేరడానికి లెన్స్ మొత్తం విప్పి, వెంట్రుకంత సందుల్లో టంకం పెట్టే చెయ్యే ఖరీదు. తయారీ ఆగిపోయి ఏళ్లయ్యాక కంపెనీల నుంచి విడిభాగాలు దొరకవు కాబట్టి ఈ పని చేసి పెట్టేది ఇలాంటి బల్లలే. రిపేరు ఖర్చు లెన్స్ ధరను దాటితే మంచి మెకానిక్కే వద్దంటాడు. “ఫుల్ ఓపెన్‌ల వాడుకో తమ్మీ, పోర్ట్రెయిట్లకు మస్తుంటది” అని లెన్స్ తిరిగి చేతిలో పెడతాడు. ఎఫ్ 1.8 లెన్స్ విషయంలో అది మంచి సలహానే. ఎఫ్ 4 దగ్గర మొదలయ్యే జూమ్ అయితే మాత్రం, అమ్మినవాడి నంబరు ఇంకా ఫోన్‌లో ఉందేమో చూసుకోవడం మేలు.