పెద్దల సొమ్ము, పిల్లల బతుకు: మన కథల లెక్క

మన సాహిత్యంలో తల్లిదండ్రుల త్యాగాన్ని గురించి వచ్చినన్ని కథలు వారి ఆస్తిపాస్తులను గురించి రాలేదు. తండ్రి పొలం అమ్మి కొడుకును చదివించాడనీ, తల్లి మెడలో గొలుసు కుదువబెట్టి ఫీజు కట్టిందనీ, అవ్వ కొంగుముడి విప్పి మనుమడి చేతిలో పెట్టిందనీ మన కథకులు ఎన్నోసార్లు చెప్పారు. చదివి కన్నీరు పెట్టుకున్నాం. విమర్శకులు కూడా ఆ కన్నీటినే ఆ కథలకు యోగ్యతాపత్రంగా స్వీకరించారు. కాని ఆ పొలం ఎంత? దానికి ఆ విలువ ఎక్కడినుంచి వచ్చింది? ఆ గొలుసులో ఇంటి ఆడపిల్లకు భాగం వున్నదా? అమ్మడానికి సెంటు భూమి లేని తండ్రి తన బిడ్డకు ఏమిచ్చాడు? ఈ ప్రశ్నలు వేసుకోకుండా ఇటువంటి కథల మంచిచెడ్డలు నిర్ణయించలేమని నా అభిప్రాయం.

ప్రేమను లెక్కగట్టడం మోటుతనమని కొందరు ఆక్షేపించవచ్చు. ప్రేమ లేదని ఎవరూ అనడం లేదు. పది ఎకరాల రైతుకూ, కూలి మనిషికీ బిడ్డ మీద ప్రేమ సమానమే. ఆ ప్రేమ ఒక ఇంట కాలేజీ ఫీజు అవుతుంది. మరొక ఇంట బిడ్డను బడి మానిపించి కూలికి పంపే నిస్సహాయత అవుతుంది. ఈ తేడాకు కారణాన్ని ఆస్తి సంబంధాల్లో వెతకాలి. దానిని చూపగలిగినవాడు వాస్తవికుడైన రచయిత. దానిని దాచిపెట్టి హృదయాన్ని మాత్రమే చూపేవాడు, ఎంత నేర్పరి అయినా, పాఠకుణ్ణి సగం దారిలో వదిలేస్తాడు.

మన పెద్ద రచయితలకు ఈ సంగతి బాగా తెలుసు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో కొత్త రూపంలో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాని ఇల్లు చూడండి. కొడుకు వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువుతుంటాడు. ఆ ఖర్చు మీద తండ్రి మండిపడుతూనే వుంటాడు. అదే ఇంట్లో చిన్నకూతురు సుబ్బిని డబ్బు పుచ్చుకొని ముసలి లుబ్ధావధానికి కట్టబెట్టాలని చూస్తుంటాడు. కొడుకు పేర ఖర్చు పద్దు, కూతురి పేర జమ పద్దు. తల్లి వెంకమ్మ కొడుకు చదువు కోసం మాటతో పట్టుబడితే చాలు. కూతురి కోసం నూతిలో దూకవలసి వచ్చింది. గురజాడ ఇక్కడ ఉపన్యాసం ఇవ్వలేదు. రెండు పద్దులనూ ఒకే కప్పు కింద పెట్టి చూపాడు. తల్లిదండ్రుల ప్రేమను గురించి మాట్లాడేవాడు ముందుగా 'ఏ బిడ్డ మీద?' అని అడగాలి.

పెద్దల సొమ్ము దక్కినవాడు ధన్యుడన్న భ్రమను గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' పగలగొట్టింది. సీతారామారావుకు తండ్రి నుంచి సంపదతోబాటు వంశప్రతిష్ఠ నిలపాలన్న బరువు కూడా సంక్రమించింది. సంపద చేయి జారింది, బరువు మిగిలింది. ఈ నవలను మనస్తత్వ చిత్రణ అని మెచ్చుకోవడం పరిపాటి. అది నిజమే గాని, ఆ మనస్తత్వం గాలిలో పుట్టలేదు. తాను కష్టించకుండా చేతికొచ్చిన సొమ్ములో పుట్టింది. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'లో ఇంటి సొమ్ము సుందరం చదువు మీద ఖర్చవుతుంది. తీరా చూస్తే ఎదురైంది ఆర్థిక మాంద్యం. సంఘంలో చదువుకు చోటు లేనప్పుడు తల్లిదండ్రులు ఎంత ధారపోసినా బిడ్డ నిలదొక్కుకోలేడన్న కఠోర సత్యం ఆ నవలలో వుంది.

ఇక ఇవ్వడానికి ఏమీ లేనివాడి సంగతి. 1966లో 'యువ'లో వెలువడిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' దీనికి జవాబు. అప్పల్రాముడు తన బిడ్డలకు ఇచ్చిపోయేది అప్పు. ఊరిపెద్దల ధర్మనిర్ణయం ఆ అప్పును కొడుకుల మెడకు తగిలిస్తుంది. అది తన కొడుకు మెడకు కూడా చుట్టుకుంటుందని గ్రహించిన సీతారాముడు ఆ పసివాణ్ణి తన చేతులతో చంపుతాడు. ఈ ముగింపు మీద చాలా వాదం నడిచింది. తండ్రి అటువంటి పని చేయగలడా అని అడిగారు. అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది: తరతరాల దాస్యం తప్ప మరొకటి ఇవ్వలేని తండ్రికి సంఘం ఏ దారి మిగిల్చింది? తండ్రి అప్పు కొడుకూ, మనుమడూ, మునిమనుమడూ తీర్చడం ధర్మమని మన శాస్త్రం. కోర్టులు కూడా దానిని ధార్మిక బాధ్యతగా గుర్తించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు గాని, అదీ ఆ తరువాత చేసిన అప్పులకు మాత్రమే, ఆ బాధ్యత తొలగలేదు. కథకుడు చట్టం కంటే దాదాపు 40 ఏళ్లు ముందు నడిచాడు.

ఈ కొలబద్దను ఇప్పటి కథలకు పెట్టి చూడాలి. నేను చెన్నూరులో వుంటూ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. 'ఎకరా అమ్మి చదివించాడు' అన్న వాక్యం కథలో కనిపిస్తే మా ప్రాంతపు పాఠకుడు వెంటనే 'ఎక్కడి ఎకరా?' అంటాడు. చెన్నూరు దగ్గర కె.సి. కాలువ కింది ఎకరా వేరు, జమ్మలమడుగు వైపు వానకెదురుచూసే నల్లరేగడి ఎకరా వేరు, పులివెందుల వైపు బోరు ఎండితే చీనీచెట్లు ఎండిపోయే ఎకరా వేరు. గొలుసు ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పోయేది అన్ని ఊళ్లనుంచీ గాని, విడిపించుకొని వచ్చేది కొన్ని ఊళ్లకే. కె.సి. కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం తీసుకొంది. ఆ కాలువ తవ్విన కూలీల చెమట లేకుంటే ఆయకట్టు ఎకరాకు ఈనాటి విలువ లేదు. తండ్రి సొమ్ము అని మనం అనుకునేదాంట్లో ఎందరి కష్టం కలిసి వున్నదో కథ చెప్పాలి.

దీనికి బదులుగా ఇప్పుడు ఒక అచ్చు తయారైంది. తండ్రి పొలం అమ్ముతాడు, కొడుకు అమెరికా పోతాడు, ముసలివాళ్లు ఫోను కోసం కాచుకొని కూర్చుంటారు, చివరకు ఒక చావు. కృతఘ్నుడైన కొడుకును తిట్టి పాఠకుడు పుస్తకం మూస్తాడు. ఈ అచ్చులో తల్లిదండ్రుల సాయం వడ్డీకిచ్చిన అప్పు. కృతజ్ఞత దానికి వడ్డీ. 2007లో వచ్చిన వయోవృద్ధుల పోషణ చట్టం, చూసుకుంటామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని మాట తప్పితే తిరిగి రద్దు చేయించుకునే వీలు కల్పించింది. ముసలితనంలో మోసపోయినవారికి అది ఆసరా, కాదనను. కాని చట్టానికి చాలిన లెక్క కథకు చాలదు. ఆ పొలంలో కూతురికి భాగం ఏమైందని ఈ కథలు అడగవు. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్టం, దేశమంతటా 2005 సవరణ ఆమెకు ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చాయి. కథల్లో మాత్రం ఆమెకు దక్కేది, 1961లోనే నిషేధించిన కట్నం.

ఒక ఏడాది నా విద్యార్థులను తమ చదువు ఖర్చు లెక్క రాయమన్నాను. ఎక్కువమంది అమ్మానాన్నల త్యాగాన్ని గురించి, పాఠ్యపుస్తకాల భాషలో రాశారు. కొందరు మాత్రం నిజంగా లెక్కే రాశారు. కాలేజీ ఫీజు ప్రభుత్వం కడుతోంది; బస్సు ఖర్చూ, నోటుపుస్తకాలూ అవ్వ పింఛనులోంచి వస్తున్నాయి. 2024లో ఆ పింఛను 4,000 రూపాయలైంది. ఈ అవ్వలు వయసులో వున్నప్పుడు కూలికి పోయినవారు, తమ బిడ్డలకు ఏమీ ఇవ్వలేకపోయినవారు. ఇప్పుడు మనుమరాలికి ఇవ్వగలుగుతున్నారు. అప్పల్రాముడికి లేని భాగ్యం ఈ ముసలివారికి కొంచెం దక్కిందంటే, అది సంఘం సొమ్ము వారి చేతికి చేరినందువల్ల. అలాగని అంతా బాగున్నదనుకోరాదు. ముసలిదాని మందుల డబ్బు మనుమరాలి బస్సుకు పోవడంలో ఎంత ప్రేమ వుందో అంత అన్యాయమూ వుంది. ఈ రెంటినీ కలిపి చూపే కథ నా కళ్లకు ఇంకా పడలేదు.

పైడిపాళెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి నిర్మొహమాటమైన విమర్శకు మా జిల్లాలో బాట వేశారు. ఆ బాటలో నడవదలచినవారు త్యాగం కథ చేతికి రాగానే దానిని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇచ్చిన సొమ్ము ఎవరి కష్టం? ఏ బిడ్డకు ఇచ్చారు, ఏ బిడ్డకు ఎగ్గొట్టారు? ఇచ్చినవారికి ఏమి మిగిలింది? ఇవ్వలేనివారి బిడ్డ ఎక్కడున్నాడు? వీటికి జవాబు చెప్పగల కథలో ప్రేమ తగ్గదు. అది ఎంత ఖరీదైనదో అప్పుడే తెలుస్తుంది.