సంచి దాణా నుంచి కయ్య మేతకు

నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలో, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద నెల్లూరుకు గూడూరుకు నడుమ ఉన్న మనుబోలు వంటి మాగాణి మండలాల్లో, వరి కోతలు ముగిసిన కయ్యలు (మడులు) బాతుల మందలకు మేత భూములవుతాయి. కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా పక్షులున్న మందను, కోతలు ఎక్కడ జరిగితే అక్కడికి తోలుకుపోతూ, దూరమైతే లారీలకెక్కించి తరలిస్తూ, రాత్రికి వల చుట్టిన దడిలో నిలుపుతూ సాగించే ఈ పద్ధతిని సంచార పెంపకం అంటారు. మేతను పక్షి దగ్గరికి తేవడం కాక పక్షిని మేత దగ్గరికి తీసుకుపోవడం దీని మూలసూత్రమని అందరూ చెబుతారు గాని, అంతకు ముందు జరగవలసిన పని ఒకటుంది: దాణా తిని పెరిగిన పిల్లను కయ్యలో ఏరుకు తినే బాతుగా మలచడం. బాతుల కాపరి నేర్పంతా నిజానికి ఆ కొద్ది వారాల్లోనే తేలిపోతుంది.

బాతు ముక్కు అంచుల వెంబడి దువ్వెన పళ్ల వంటి సన్నని పొరలుంటాయి. బురదనీటిని నోటపట్టి, నీటిని వదిలేసి, గింజను, పురుగును, చిరునత్తను నిలుపుకోవడానికి అవి పనికివస్తాయి. కోడికి ఉన్నట్లు విడిగా ఉబ్బి కనిపించే మేతసంచి దీనికి లేదు. అన్ననాళపు దిగువ భాగమే సాగి, తిన్నదాన్ని కొంతసేపు నిలువ ఉంచుతుంది. అక్కడి నుంచి మేత కందనకాయకు, అంటే గింజలను, నత్తగుల్లలను నలగ్గొట్టే కండరపు జీర్ణాశయానికి చేరుతుంది. మెత్తని దాణాతో పెరిగిన పిల్లలో ఈ కండరం పలుచగా ఉండి, గట్టి మేత తినేకొద్దీ బలుస్తుంది కనుక, నిన్నటి దాకా ముద్ద తిన్న పిల్లను ఈ రోజు కయ్యలోకి తోలేస్తే అది నత్తను మింగినా అరిగించుకోలేదు, బరువు తగ్గి మందలో వెనుకబడుతుంది.

అందువల్ల మార్పు మెట్లు మెట్లుగా జరగాలి. మొదటి రెండు మూడు వారాలు పిల్లలను వెచ్చని చోట ఉంచి, ఉడికించిన నూకలో తవుడు కలిపి గాని, కోడిపిల్లల దాణాను నీటితో ముద్ద చేసి గాని పెడతారు. పొడి దాణా ముక్కుకు అంటుకుని గొంతులో అడ్డుపడుతుంది కనుక పక్కనే ముక్కు మునిగేంత లోతున నీళ్లు ఉండవలసిందే. కోడిపిల్ల కంటే బాతుపిల్లకు నియాసిన్ (బి విటమిన్లలో ఒకటి) ఎక్కువ కావాలి. అది చాలకపోతే కాళ్లు వంగి నడక తప్పుతుంది. మొక్కజొన్నలోని నియాసిన్ శరీరానికి సరిగా అందదు, తవుడులో అది సమృద్ధిగా ఉంటుంది. కాబట్టి కోళ్ల దాణా సంచిని విప్పి యథాతథంగా పెట్టడం కంటే దానిలో గుప్పెడు తవుడు కలపడమే మేలు.

ఆ తరువాత అలవాటైన ముద్దలోనే ఎండుచేపల పొడి, సన్నగా తరిగిన నత్తమాంసం కొద్దికొద్దిగా చేరుస్తూ పోతే, కొత్త రుచి పాత రుచి చాటున లోపలికి పోతుంది. మూడో నాలుగో వారంలో, పొద్దు కాస్త ఎక్కాక, పలుచగా నీరున్న కయ్యలోకి గంటా రెండు గంటలు వదులుతారు. ఈకలు పూర్తిగా రాని పిల్ల లోతు నీటిలో తడిసి చలికి చచ్చిపోతుంది కనుక కాలువల వైపు పోనివ్వరు. ఉదయపు దాణాను తగ్గిస్తూ వచ్చి చివరికి మానేసినా, సాయంత్రపు దాణాను మాత్రం చాలాకాలం కొనసాగించాలి. కడుపు నింపడం కంటే కాపరి కేకకు మంద దడికి మళ్లేటట్లు చేయడం ఆ దాణాతో ఎక్కువ సాధ్యమవుతుంది. దడిలోకి చేరుతున్న పిల్లను పట్టుకుని మెడ దిగువను రెండు వేళ్ల నడుమ నిమిరితే ఆ రోజు లెక్క తేలిపోతుంది: గింజలైతే గరగరమని, నత్తగుల్లలైతే పెళుసుగా చేతికి తగులుతాయి, ఖాళీ మెడ జారిపోతుంది. ఖాళీ మెడలు ఎక్కువగా కనిపించిన రోజున దాణా కోతను ఆపి, రెండు మూడు రోజులు వెనక్కి వెళ్లడమే ఉపాయం.

కొత్త మేతను మెల్లమెల్లగా అలవాటు చేయాలన్న ఈ సూత్రం పడమటి దేశాల్లో ఇళ్లలో పెంచుకునే ఫెర్రెట్‌కూ వర్తిస్తుంది. నీటికుక్కల కుటుంబానికే చెందిన ఈ చిన్న జంతువు పూర్తి మాంసాహారి. జీర్ణనాళం పొట్టిది కనుక తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటకు పోతుంది. పసితనంలో అలవాటైన వాసననే ఆహారంగా గుర్తిస్తుంది. ఎండు గుళికల దాణా మాన్పించి ఇంట్లో కోసిన పచ్చిమాంసానికి మార్చదలచినవారు నానబెట్టిన గుళికల్లో మాంసాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే కాల్షియం కొరవడి అది జబ్బున పడుతుంది. బాతుకు ఆ లోటు లేదు, గుడ్డుపెంకుకు కావలసిన సున్నం నత్తగుల్లలోనే దొరుకుతుంది. కయ్యలో తిరిగిన బాతు గుడ్డులో పచ్చసొన ముదురు రంగు తేలడానికి అది తినే పచ్చిక, నాచు, చిరుపురుగులు కారణం.

బాతు రాత్రివేళ, తెల్లవారుజామున గుడ్డు పెడుతుంది కాబట్టి దడిని తొందరపడి తెరవకూడదు; తెరిస్తే ఆ పూట గుడ్లు బురదపాలే. ఇది చిన్న నియమమే గాని రాబడి అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఇక ప్రమాదాల సంగతి. సంచి దాణాలో పెద్ద శత్రువు అఫ్లటాక్సిన్, అంటే తడి తగిలిన మొక్కజొన్నకూ వేరుశనగ చెక్కకూ పట్టే బూజు నుంచి పుట్టే విషం. కోడి తట్టుకునే మోతాదుకే బాతు కాలేయం దెబ్బతింటుంది, పిల్లలైతే మందలుగా చస్తాయి. సముద్రగాలి తేమ ఉన్న జిల్లాలో దాణా నిలువ ఉంచడం కష్టమే కనుక, కయ్య మేతకు మరలడానికి ఇదొక్క కారణమే చాలు. అయితే కయ్య కూడా నిర్దోషి కాదు. గుళికల పురుగుమందు చల్లిన నీటిలో మంద దిగితే సాయంత్రానికి సగం మిగలదు. వేసవిలో ఇంకిపోతున్న గుంటల్లో కుళ్లిన చేపలను తిన్న బాతులు మెడలు వాలిపోయి చనిపోతాయి. ఇది బొట్యులిజం అనే విషప్రభావం. రెండు నెలలు నిండిన మందకు డక్ ప్లేగు టీకా వేయించకుండా ఊళ్లు మార్చడం జూదమే. బర్డ్ ఫ్లూ మాట వినిపించిన రోజుల్లో అసలు కదలకుండా ఉండడమే మంచిది.

రైతుకు కలిగే లాభం రాలిన గింజల ఏరివేతతోనూ, బాతు రెట్ట ఎరువుతోనూ ఆగదు. పశువులకు, గొర్రెలకు వచ్చే కార్జపు జలగ వ్యాధి నత్తల ద్వారానే వ్యాపిస్తుంది. నత్తలను తినేసే మంద ముందు నడిచిన కయ్యలో తరువాత మేసే నెల్లూరు గొర్రెకు ఆ ముప్పు తగ్గుతుంది. జపాన్ రైతు తకావో ఫురునో 1988 నుంచి నాటిన వరిలోనే బాతుపిల్లలను వదిలి కలుపునూ పురుగునూ అదుపు చేసి ప్రపంచానికి పరిచయమయ్యాడు. వెన్ను వేయగానే అక్కడ బాతులను బయటకు తీసేస్తారు, నెల్లూరులో కోత అయ్యాకే లోపలికి తోలుతారు. రెండింటినీ కలిపి ప్రయత్నించదగిన భూములు ఈ జిల్లాలో ఉన్నాయి. అయితే వరి కయ్యలు చేపల, రొయ్యల గుంటలుగా మారిన చోట మందకు కోత కయ్యల మేత దొరకదు.

ఈ వృత్తిని పొగిడేవారు దాచిపెట్టే మచ్చ కూడా చెప్పవలసి ఉంది. యానాది గిరిజన కుటుంబాలకు కొద్దిపాటి అప్పిచ్చి వారి పిల్లలను బాతుల కాపలాకు కుదుర్చుకునే దురాచారం ఇంకా పోలేదు. 2025లో తిరుపతి జిల్లాకు చెందిన అలాంటి ఒక బాలుడు మరణించిన ఘటన వెలుగులోకి వచ్చింది. వెట్టిచాకిరీని 1976 నాటి చట్టమే నిషేధించింది. పిల్లవాడి చేతిలో కర్ర పెట్టి నడిపే మందకు సంప్రదాయమన్న పేరు చెల్లదు.

కయ్యను బాతులకు విడిచే రైతులు గుడ్ల వాటా, డబ్బు మాటలతో పాటు, ఆఖరిసారి మందు ఏ తేదీన, ఏ కయ్యలో కొట్టారో కాపరికి ముందే చెప్పాలి. చెప్పకపోతే కాపరులు అడిగి తెలుసుకున్నాకే మందను దించాలి.