చిత్రలేఖన తరగతిలో నకలు, స్వేచ్ఛ: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఐదో తరగతి పిల్లవాడికి తెల్ల కాగితం ఇచ్చి "నీకు నచ్చిన బొమ్మ వెయ్యి" అనండి. రెండు కొండలు, వాటి మధ్య నుంచి లేచే సూర్యుడు, కిందికి దిగే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో గీతల పక్షులు. ఈ బొమ్మ మీరూ వేసే ఉంటారు. కనుచూపుమేరలో కొండ లేని కోనసీమలోనూ, కొబ్బరిచెట్టు అరుదైన ఆదిలాబాదులోనూ ఇదే బొమ్మ. డాబా ఇంట్లో పుట్టిపెరిగిన పిల్ల కూడా గుడిసే వేస్తుంది. బడిలో చిత్రలేఖనం ఎలా నడుస్తున్నదో చెప్పటానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనబడదు. అందుకే ఈ పాఠంలో దీన్నే ముందు పెట్టుకుని, కళావిద్యలో పేరుపొందిన రెండు బోధనా పద్ధతులను పరీక్షిద్దాం.

మొదటిది అనుకరణ పద్ధతి. 19వ శతాబ్దం మధ్యలో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ కేంద్రంగా హెన్రీ కోల్ ఆధ్వర్యంలో ఒక డ్రాయింగ్ క్రమం రూపొందింది. ముందు అచ్చుబొమ్మ చూసి గీతలు గీయాలి, తరవాత నమూనాలను చూసి వెయ్యాలి, ఆపైన వెలుగునీడలు. ఈ ధోరణి బ్రిటిష్ పాలనతోపాటు మన దేశానికీ వచ్చింది. దాని ప్రధాన లక్ష్యం చిత్రకారులను తయారుచేయటం కాదు, పరిశ్రమలకు పనికివచ్చే నైపుణ్యం గల చేతులను తయారుచేయటం. 1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో స్థాపించిన కళాపాఠశాల కూడా చేతిపనులతో ముడిపడినదే. మన డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షల్లో ఆ వాసన ఇంకా ఉంది. అయితే ఆ క్రమాన్ని తీసిపారేయటం నాకు సమ్మతం కాదు. ఓపికగా చూడటం, గీతను అదుపులో పెట్టటం అది నేర్పింది. మామూలు బడి తరగతికి చేరేసరికి క్రమం జారిపోయి నకలు ఒక్కటే మిగిలింది. మాస్టారు నల్లబల్ల మీద మామిడికాయ వేస్తారు, యాభై మంది ఆ మామిడికాయను దించుకుంటారు. అసలు మామిడికాయను చూసినవాళ్లు ఆ గదిలో ఒక్కరూ ఉండరు.

రెండోది స్వేచ్ఛా వ్యక్తీకరణ పద్ధతి. వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ 1897లో పిల్లల కోసం ప్రత్యేకంగా కళాతరగతి ప్రారంభించాడు. పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు తప్పుల నకలు కాదనీ, దానికి దానిదైన అందం ఉందనీ లోకం గుర్తించటంలో ఆయన పాత్ర పెద్దది. అదే వియన్నా నుంచి అమెరికా వెళ్లిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' గ్రంథం ప్రచురించాడు. పిచ్చిగీతల దశతో మొదలయ్యే వయోదశల పట్టిక మీకు పరిచయమే కదా, దాని మూలం ఇక్కడుంది. గీతలు ముందే అచ్చువేసి రంగులు నింపమనే పుస్తకాలను ఆయన గట్టిగా వ్యతిరేకించాడు.

వినటానికి ఇది ఎంతో బాగుంటుంది. కానీ సిజెక్ విద్యార్థుల బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో ఒక పోలిక ఉంటుంది. గట్టి రూపరేఖలు, అలంకారపు పూలు, నిండైన కూర్పు. ఈ సంగతి విమర్శకులు చాలాసార్లు ఎత్తిచూపారు. ఏ సామగ్రి ఇవ్వాలి, ఏ బొమ్మను మెచ్చుకోవాలి అనే నిర్ణయాలు గురువువే. చెప్పనట్టే ఉంటూ చెప్పిన పాఠం అది. ఇక బ్రెంట్ విల్సన్, మార్జొరీ విల్సన్‌లు 1977లో మరో అడుగు ముందుకు వేశారు. పిల్లల బొమ్మల్లోని రూపాలు ఎక్కువగా ఇతరుల బొమ్మల నుంచీ, కామిక్సు వంటి వాటి నుంచీ వస్తాయని వాదించారు. ఇప్పుడు మన రెండు కొండల దగ్గరికి రండి. "నచ్చింది వెయ్యి" అన్నప్పుడు పిల్లవాడు చేతికి అందిన తయారుసరుకునే తీసి ఇస్తాడు. ఏమీ చూపించకుండా ఇచ్చిన స్వేచ్ఛ చివరికి నకలుకే దారితీస్తుంది. వీటిని ఎదురెదురు పద్ధతులని పరీక్షల్లో రాస్తాం గానీ, మన తరగతి గదిలో రెండూ ఒకే బొమ్మను పుట్టిస్తున్నాయి.

మరి నకలు అంతా చెడ్డదేనా? ముగ్గును చూడండి. అమ్మాయి వాకిట్లో అమ్మనో అమ్మమ్మనో చూసి నేర్చుకుంటుంది. "తొమ్మిది చుక్కలు, అయిదు వచ్చేవరకు సందు చుక్క" అంటే చాలు, అరవైయొక్క చుక్కలు నేల మీద పరుచుకుంటాయి. చుక్కలను కలపాలా, చుట్టూ తిప్పాలా అన్న నియమం పట్టుబడ్డాక, ఎవరూ చూపని ముగ్గు తానే వేస్తుంది. నిరుటి ముగ్గు ఈ సంక్రాంతికి మారుతుంది. అంటే ఆ పిల్ల ఒక బొమ్మను కాక, బొమ్మ పుట్టే వ్యాకరణాన్ని నకలు చేసింది. శ్రీకాళహస్తి కలంకారీలోనూ, చేర్యాల నకాషీలోనూ శిష్యుడు గురువు గీతనే ఏళ్ల తరబడి దిద్దుతాడు, చివరికి కథ చెప్పగల చేయి వస్తుంది. నల్లబల్ల మామిడికాయలో లేనిది ఈ వ్యాకరణమే. మన పాఠ్యప్రణాళికల్లో ముగ్గు 'స్థానిక కళలు' అనే శీర్షిక కింద ఒక్క మాటగా మిగిలిపోవటం నాకు బాధ కలిగించే విషయం.

శాంతినికేతన్‌లో చదివి, 1944 నుంచి సేవాగ్రామంలో పిల్లలకు కళ నేర్పిన దేవీప్రసాద్ 'ఆర్ట్: ది బేసిస్ ఆఫ్ ఎడ్యుకేషన్' అనే పుస్తకం రాశారు. వీలైతే చదవండి. కళను టైంటేబుల్‌లో ఒక పీరియడుగా కాక చదువుకే పునాదిగా చూసిన రచన అది. ఒక చిక్కు మాత్రం ఉంది. పని, చదువు, బతుకు ఒక్కచోటే సాగిన ఆశ్రమ వాతావరణం ఆయనకు అండ. వారానికి ఒక పీరియడు, గదిలో అరవై మంది ఉన్న చోట అదే పద్ధతిని ఎత్తిపెట్టలేం.

ఇప్పటి 'సృజనాత్మక కృత్యాల' గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఐస్‌క్రీమ్ పుల్లల పెన్ స్టాండు, థర్మాకోల్ ఇల్లు, రాత్రి పదింటికి అమ్మ అతికించిన చార్టు. నేను పరీక్షకుడిగా వెళ్లిన ఒక శిక్షణ కళాశాలలో నలభై పెన్ స్టాండ్లు వరసగా ఉన్నాయి, రంగు కూడా ఒకటే. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 పదో తరగతి వరకు కళలను తప్పనిసరి చేయమంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులలో నూరుమందికి పైగా పిల్లలున్న బడికి కళావిద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి ఇమ్మంది. ఆ బోధకుడు మీ ఊరి బడిలో ఉన్నాడో లేడో మీకే తెలుసు.

నష్టం ఎక్కడ జరుగుతుందో చూడాలి. లోవెన్‌ఫెల్డ్ పట్టికలో తొమ్మిది నుంచి పదకొండేళ్ల దశ దగ్గర ఆగండి. తన బొమ్మ నిజం వస్తువులా లేదని పిల్లవాడికి అప్పుడే తెలుస్తుంది. "నాకు బొమ్మలు రావు" అనే మాట మొదటిసారి వినిపించేదీ అప్పుడే. చాలామంది ఆ తరవాత జన్మలో పెన్సిలు పట్టరు. ఆ సమయంలో "నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి" అనటం స్వేచ్ఛనివ్వటం కాదు, వాణ్ణి ఒంటరిగా వదిలెయ్యటం. ముందున్నది వెనకున్నదాన్ని ఎలా కప్పుతుందో, దూరమైనది ఎందుకు చిన్నదవుతుందో వాడికి నేర్పాలి. అయిదేళ్ల పిల్లకు అదే నేర్పబోతే చెడగొట్టినవాళ్లమవుతాం. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు వయసు చెప్పకుండా జవాబు రాసేవాళ్లకు నేనైతే సగం మార్కులే వేస్తాను.

అంశం ఇచ్చే తీరు కూడా మారాలి. "మా ఊరు" అంటే కొండలు వస్తాయి. "మీ వంటింటి గడపలో నిలబడితే ఏం కనిపిస్తుంది?" అనండి. గ్యాస్ బండ వస్తుంది, దాని గొట్టం వస్తుంది, మూలన బియ్యం డబ్బా వస్తుంది. యాభై కాగితాలు యాభై రకాలుగా ఉంటాయి. రంగులు కొనలేని బడిలో బొగ్గు, జాజు, ఆకుపసరు ఉన్నాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం దిష్టి తీసినప్పుడు పిల్లలు చూసిందే, అదే ఎరుపును కాగితం మీద పూయనివ్వండి (సున్నం మాత్రం మీరే కలపండి, కళ్లలో పడకూడదు). బొమ్మ చూసి "ఇదేమిటి?" అని అడగవద్దు. గుర్తుపట్టలేకపోయారని వాడికి అర్థమైపోతుంది. "దీని సంగతి చెప్పు" అంటే నోరు విప్పుతాడు.

కృత్యం: మీకు తెలిసిన 6, 8, 11 ఏళ్ల పిల్లల చేత ఒక రోజు "నచ్చిన బొమ్మ", మరో రోజు వంటింటి బొమ్మ వేయించండి. ఆరు కాగితాలనూ నేల మీద పరచి, ఏ రెండు ఒకదానినొకటి పోలి ఉన్నాయో, ఎక్కడ పోలి ఉన్నాయో ఒక పుట రాయండి. పిల్లల పేర్లకు బదులు వయసు మాత్రమే రాయండి. పై వయోదశల పట్టికకు లొంగని బొమ్మ ఏదైనా దొరికితే, దాన్ని దాచుకుని సంపర్క తరగతికి తీసుకురండి.