లక్ష్యసాధనకు రివాల్వరు నెన్నుకొనుట

1896లో ఏథెన్సు నగరమున తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, అమెరికానుండి వచ్చిన జాన్ పెయిన్, సమ్నర్ పెయిన్ అను సోదరులిరువురు కోల్టు రివాల్వర్లను చేపట్టి, 25 మీటర్ల సైనిక రివాల్వరు పోటీలో ప్రథమ ద్వితీయ స్థానములను గైకొనిరి. ఆ విజయము ఆయుధబలమువలన గాక, ఆయుధము నెరిగిన హస్తముయొక్క నిలుకడవలన సిద్ధించినదని నా దృఢవిశ్వాసము. కావున లక్ష్యసాధనకై రివాల్వరు నెన్నుకొనగోరువాడు మొట్టమొదట విడనాడవలసినది బలవ్యామోహము. కాగితమునకు రంధ్రము చేయుటకు పెనుతూటా యేల?

అమెరికాలో గుండ్రని లక్ష్యముపై గురిచూచి కాల్చు బుల్స్‌ఐ పోటీలలో చిరకాలము మన్ననగాంచిన స్మిత్ అండ్ వెస్సన్ కె-38 మాస్టర్‌పీస్ ఇందుకు చక్కని నిదర్శనము. అందు వాడునది .38 స్పెషల్ వాడ్‌కట్టరు తూటా. ముఖము చదునుగా నుండుటచే అది కాగితమును చింపక గుండ్రముగా కత్తిరించును, మార్కుల లెక్కలో వివాదమునకు తావుండదు. మందు స్వల్పమగుటచే చేతికి తగులు వెనుతన్నును స్వల్పమే. దాని జంటయైన కె-22ను, తూటాలతో నిండినప్పుడు కె-38తో సమమగు బరువు తూగునట్లు నిర్మించిరి. చౌకయైన .22 తూటాలతో నిత్యాభ్యాసము చేసిన హస్తము, పోటీనాడు పెద్ద రివాల్వరు నందుకొన్నప్పుడు భేదమెరుగరాదని వారి తలంపు. ఇట్టి నిర్మాణజ్ఞానమును నేను మిక్కిలి గౌరవింతును, తొలి రివాల్వరు .22గా నుండుటయే శ్రేయమనియు తలంతును.

గొట్టపు పొడవు అలంకారమునకు గాదు. ముందరి సైటునకును వెనుకటి సైటునకును నడుమ 200 మిల్లీమీటర్లున్నదనుకొందము. ముందరి సైటు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు ఒరిగినచో, 25 మీటర్లవద్ద తూటా 125 మిల్లీమీటర్లు తొలగిపోవును. సైట్ల నడిమి దూరము సగమైనచో దోషము రెట్టింపగును. పది మార్కుల వలయపు వ్యాసమా, 50 మిల్లీమీటర్లే! జేబులో నిముడు పొట్టి రివాల్వరు ఎంత శ్రేష్ఠమైనదైనను ఇచ్చట కొఱగాదు. 6 అంగుళముల గొట్టము, మరలతో సవరింపదగిన వెనుకటి సైటు, ఈ రెండును ఉండితీరవలెను. కన్ను ఒక్కసారి ఒక్క దూరమునే స్పష్టముగా చూడగలదు గనుక, దృష్టిని ముందరి సైటుపై నిలిపి, లక్ష్యమును మసకగానే యుండనిచ్చుట ఈ విద్యలోని ప్రథమపాఠము.

అన్నిటికంటె ప్రధానమైనది ట్రిగ్గరు. బొటనవ్రేలితో హ్యామరును ముందుగా వెనుకకు లాగి కాల్చునప్పుడు ట్రిగ్గరు తేలికయై, స్వల్పదూరము మాత్రమే కదలును. హ్యామరు లాగకయే కాల్చునప్పుడు హ్యామరును లాగు భారమంతయు చూపుడువ్రేలిపై బడి, సిలిండరును త్రిప్పు పనియు దానికే కలుగుటచే గురి చెదరును. నిదానముగా కాల్చు పోటీలకు మొదటి పద్ధతియే శరణ్యము. తూటా అడుగున నడిమిభాగమును కొట్టి ప్రేల్చు తుపాకులకైన అంతర్జాతీయ సెంటర్‌ఫైర్ పోటీలలో ట్రిగ్గరు భారము 1000 గ్రాములకు తగ్గరాదు. ఐనను భారముకంటె విడుపు ముఖ్యము: ఎండిన చింతకాయ పెంకు వ్రేలి నొక్కునకు తటాలున విచ్చునట్లు, జారుడుగాని గరగరగాని లేక, హ్యామరు విడివడవలెను. ఈ గుణము లేని రివాల్వరును ఎంత తక్కువ ధరకైనను కొనవద్దని నా మనవి.

పిడి అరచేతిలో నిండుగా నమరి, వ్రేలి కొస ట్రిగ్గరుపై సహజముగా వాలినచో చాలును. ఐతే ఏ రివాల్వరును కొనగోరినను, మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టముననుసరించి అనుమతి పొందుట కొనుటకు ముందే జరుగవలసిన పని.

ఇక సిలిండరు. పిస్తోలులో తూటా ప్రేలు గది యొక్కటే. రివాల్వరులో సాధారణముగా ఆరు, అనగా ఒక్కొక్క గదియు గొట్టముతో విడివిడిగా సరిగా కలియవలెను. సిలిండరు తెరచి, ఆరు గదులును ఖాళీయని కన్నులార చూచిన పిదప, గొట్టమును నిరపాయమైన దిక్కునకు త్రిప్పి, హ్యామరును మెల్లమెల్లగా లాగుడు. హ్యామరు నిలుచులోపల సిలిండరు బిగిసికొనవలెను. ప్రతి గదియందును ఇట్లే పరీక్షింపుడు. పిదప రేంజిలో ఇసుకసంచిపై ఆనించి, గదులకు గుర్తులు పెట్టి, ఒక్కొక్కదానినుండి వేర్వేరు కాగితములపై కాల్చిచూడుడు. ఒక గది పొత్తు కుదరక తూటాలను దూరముగా వేయుచున్నచో నిరాశపడనక్కరలేదు. బుల్స్‌ఐ పోటీలలో ఐదేసి తూటాలనే వరుసగా కాల్చుదురు గనుక, ఆ గదిని ఖాళీగా విడిచి, అది హ్యామరు క్రిందికి వచ్చునట్లు సిలిండరు మూసినచో, మంచి గదులైదును వరుసగా ప్రేలును.