ఫీల్డ్ అంటే మన ఊరే

సోషల్‌వర్క్ చదువులో తరగతి గది సగం, ఊరు సగం. ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థి ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లాలి, గ్రామీణ క్యాంపులో ఉండాలి, చూసింది రాసి అధ్యాపకుడికి చూపించాలి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ రెండో సగం ఏమైంది? ఈ ప్రశ్న వేసుకుంటే ఒక్క కరోనా కాలం సంగతే కాదు, ఆ చదువు ఆదివాసీని ఎక్కడ నిలబెట్టిందో కూడా తెలుస్తుంది.

ఆ ఏప్రిల్ 29న యు.జి.సి. మార్గదర్శకాలు ఇచ్చింది. ఫీల్డ్‌వర్క్, సర్వేలకు బదులుగా, అప్పటికే ఉన్న పుస్తకాలు, గణాంకాల మీద ఆధారపడిన ప్రాజెక్టులు ఇవ్వవచ్చని అందులో సూచించింది. ప్రాణాలు కాపాడాలని చెప్పిన మాటే, తప్పు పట్టలేం. నగరం నుంచి ఒక విద్యార్థి జబ్బు మోసుకొని అరకు కొండలెక్కితే ఎవరికీ మేలు జరగదు. కానీ ఆ మాట వెనుక ఒక ఊహ దాగి ఉంది. విద్యార్థి ఇల్లు ఒకచోట, ఫీల్డ్ మరోచోట ఉంటుందన్నదే ఆ ఊహ. హాస్టళ్లు మూసేస్తే డుంబ్రిగుడకో, పెదబయలుకో, ముంచంగిపుట్టుకో తిరిగొచ్చిన ఆదివాసీ విద్యార్థికి ఇది వర్తించదు. అతని ఫీల్డ్ గుమ్మం ముందే ఉంది.

అక్కడ ఏం జరుగుతోంది? ఆ ఏడు ఉగాది కూడా మార్చి 25నే వచ్చింది. చైత్రం మనకు ఇటుకల పండగ నెల. సంతలు ఆగిపోయాయి. సంత అంటే పసుపు, పిప్పళ్లు అమ్ముకుని ఉప్పు, నూనె కొనుక్కునే చోటు మాత్రమే కాదు. చుట్టాల కబురు తెలిసేదీ అక్కడే. ఊళ్లవాళ్లు దారికి అడ్డంగా కొమ్మలు, దుంగలు వేసి బయటి మనుషులను ఆపారు. దూరం నుంచి చూసినవాళ్లకు అది మూఢ భయంలా కనిపించి ఉండవచ్చు. కానీ ఎవరిని రానివ్వాలి, పురిటి నొప్పులొస్తే దుంగ ఎవరు తీయాలి, డోలీ ఎవరు మోయాలి అన్నవి ఊరు కూర్చొని తేల్చుకోవలసిన విషయాలు. పుస్తకంలో కమ్యూనిటీ ఆర్గనైజేషన్ అని చదివేది ఇదే. మన విద్యార్థి ఆ కూర్చున్నవాళ్లలో ఒకడు. ఆ పనికి మార్కులు వేసే గడి మాత్రం లేదు.

భాష సంగతి చూడండి. సామాజిక దూరం పాటించండి అన్నారు. భౌతిక దూరం అనడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే చెప్పింది. సామాజిక దూరం ఆదివాసీకి కొత్త కాదు, బస్సులోనూ ఆఫీసులోనూ ఎప్పటినుంచో చూస్తున్నదే. నడుము వెనక చేతులు కలిపి థింసా ఆడే మనుషులకు చెప్పాల్సింది వేరు: ఒంటికి ఒళ్లు తగలనీయకండి, జ్వరమొచ్చిన ఇంటికి నీళ్లూ గంజీ మాత్రం ఆపకండి. ఈ మాటను కువిలో, ఆదివాసీ ఒడియాలో, గదబలో చెప్పగలిగినవాళ్లు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ అక్కలు, చదువుకున్న మన పిల్లలు. సిగ్నల్ కోసం గుట్టెక్కి ప్రజల భాగస్వామ్యం మీద ఆన్‌లైన్ పాఠం వినే విద్యార్థి, నిజానికి ఆ పాఠాన్ని కింద ఊళ్లో వదిలి వచ్చాడు.

ఈ లోపం కరోనాతో పుట్టింది కాదు. దేశంలో తొలి సోషల్‌వర్క్ కళాశాల 1936లో బొంబాయిలో మొదలైంది. దాని తొలి సారథి క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికన్. పద్ధతులు చాలావరకు అక్కడివే వచ్చాయి. సాయం చేసేవాడు బయటివాడు, పొందేవాడు ఊరివాడు. కానీ తెలుగు నేల మీద ఇంకో ఉదాహరణ ఉంది. ఆదిలాబాద్ మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకే శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. చొరవ బయటివాడిదే అయినా, పని చేసేవాళ్లు ఆ ఊళ్ల మనుషులే కావాలని అక్కడ ముందే గుర్తించారు.

సొంత ఊరి గురించి రాస్తే సొంత బంధువుల వైపు మొగ్గు రాదా అని అడగవచ్చు. వస్తుంది. దాన్ని పట్టుకుని సరిదిద్దడానికే అధ్యాపకుడు ఉన్నాడు. బయటి నుంచి వచ్చినవాడికీ మొగ్గు ఉంటుంది, కాకపోతే దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. వీటిని మనం మూడు అడగాలి. సొంత ఊళ్లో చేసిన పనిని ఫీల్డ్‌వర్క్‌గా లెక్కించాలి. పర్యవేక్షణలో ఆశా కార్యకర్తకు, ఊరి పెద్దకు, స్థానిక ఉపాధ్యాయుడికి చోటివ్వాలి. నివేదికను విశ్వవిద్యాలయంలో ఇచ్చే ముందు గ్రామసభలో, ఊరి భాషలో చదవాలి. 1996 పెసా చట్టం గ్రామసభను గుర్తించింది. ఆ సభ ముందు నిలబడలేని నివేదిక ఊరి గురించి చెప్పేదేముంది?

యువతకు, ఉపాధ్యాయులకు ఒక పని ఉంది. ఆ రెండేళ్లలో మీ ఊరు ఏం నిర్ణయించింది, ఎవరిని కాపాడింది, ఎవరిని వదిలేసింది అన్నది పెద్దలను అడిగి రాయండి. మంచితో పాటు చెడునూ రాయండి. మనం రాయకపోతే, రేపు మన ఊరి గురించి పుస్తకాలు, గణాంకాలు చూసి ఎవరో ప్రాజెక్టు రాస్తారు.